పాత సోఫా కొనే ముందు దాన్ని తిరగేసి చూడండి: ఎంపిక నుంచి కొత్త గుడ్డ దాకా

పాతకాలం సోఫా, చేతుల కుర్చీ ఇంటికి తెచ్చుకుని బాగుచేసుకోవడం ఎలా అని అడిగేవాళ్లలో ముప్పాతిక మంది మొదటి ప్రశ్న ఒకటే: ‘ఏ గుడ్డ వేయిస్తే బాగుంటుంది?’ నిజానికి అది చిట్టచివరి ప్రశ్న. ముందు చెక్క, తర్వాత సీటు కింద మోసే పట్టీలు, స్ప్రింగులు, ఆ తర్వాత మెత్త (లోపల నింపే ఫోమ్, పీచు లాంటివి), అన్నీ అయ్యాక గుడ్డ. ఈ వరుస తలకిందులైతే చేసిన పనే రెండోసారి చేయాల్సొస్తుంది. నేను చేశాను కాబట్టి చెబుతున్నా. మొదటిసారి కొన్న రెండు సీట్ల సోఫాకి ఉత్సాహం కొద్దీ ముందే మంచి ముఖమల్ గుడ్డ వేయించేశాను, రెండు నెలలకే ఎవరు కూర్చున్నా కిర్రుమనడం మొదలెట్టింది, అతుకు బిగించాలంటే ఆ గుడ్డంతా ఊడదీయక తప్పలేదు.

## 1. చూడ్డానికి వెళ్లే ముందే కొలతలు

సోఫా నచ్చాక కొలుద్దాం అనుకుంటే మనసు కొలత మాట వినదు. ఇంట్లో ముందే ఇవి రాసి పెట్టుకోండి:

- సోఫా పెట్టే చోటు పొడవు, లోతు
- ప్రతి తలుపు అసలు వెడల్పు (తలుపు తెరిచినప్పుడు రెక్క మందం పోగా మిగిలేది)
- మెట్ల మలుపు, లిఫ్ట్ లోపలి ఎత్తు, వెడల్పు
- మీ మోకాలి ఎత్తు: చెప్పుల్లేకుండా నిలబడి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా

తలుపులో పడుతుందా లేదా అనేది సోఫా లోతు ఒక్కటే చూసి తేల్చలేం, వంచి దూర్చవచ్చు కదా. దానికి ఇలా కొలవండి. సోఫాని పక్క నుంచి చూస్తూ, వీపు పై అంచు నుంచి చెయ్యి ముందు అంచు దాకా ఒక తిన్నటి కర్ర ఆనించండి. వెనక కింది మూల నుంచి ఆ కర్రకు తొంభై డిగ్రీల కోణంలో ఎంత దూరం ఉందో టేపుతో చూడండి. ఆ అంకె తలుపు వెడల్పు కన్నా తక్కువైతే సోఫా వాలుగా లోపలికి వస్తుంది. కాళ్లు మరలతో ఊడేవైతే ఇంకాస్త వెసులుబాటు దొరుకుతుంది.

పాత ఆర్మ్‌చైర్లలో కొన్ని బాగా కిందికి ఉంటాయి, సీటు 35–38 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఫొటోలో అందంగానే ఉంటుంది, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు మాత్రం అందులోంచి లేవలేరు. కూర్చున్నప్పుడు వీపు వెనక్కి ఆనాలి, మోకాలి వెనక మడతకీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి. కనీసం పది నిమిషాలు కూర్చునే ఉండండి. అమ్మేవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

## 2. తిరగేసి చూడటం

నిజం సోఫా పైన కనిపించదు, కింద కనిపిస్తుంది. టార్చ్, పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి, సన్నని సూది, నల్ల కాగితం పట్టుకెళ్లండి.

మొదట ఎత్తి చూడండి. ముందు వైపు ఒక మూల పట్టుకుని ఓ 15 సెంటీమీటర్లు లేపండి. రెండో ముందు కాలు కూడా వెంటనే నేల విడిచి లేస్తే ఫ్రేము గట్టిగా ఉన్నట్టు. ఒక మూల లేచినా రెండోది నేలకే అతుక్కుని ఉందంటే ఫ్రేము మెలి తిరుగుతోంది, అతుకులు వదులయ్యాయి. ఇది బాగుచేయగలిగిన లోపమే కానీ బేరంలో లెక్కేసుకోవాలి.

తర్వాత ఊపండి. సోఫా చేతులు రెండూ పట్టుకుని బయటికీ లోపలికీ, వీపుని ముందుకీ వెనక్కీ. చెక్క ఒకచోట కదిలితే అతుకు వదులు. చెక్క మధ్యలోనే పగులు కనిపిస్తే, అదీ కాలూ ఫ్రేమూ కలిసే దగ్గరైతే, ఆలోచించండి.

కింది గుడ్డ. అడుగున దుమ్ము పడకుండా కొట్టిన పల్చటి నల్ల గుడ్డ ఉంటుంది. అమ్మేవాళ్లని అడిగి ఒక మూల నాలుగు పిన్నులు తీసి లోపలికి టార్చ్ వేయండి. అక్కడ మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది:

- జనపనార పట్టీల మీద కూర్చోబెట్టిన చుట్టల స్ప్రింగులు, వాటిని కలుపుతూ తాళ్లు. మంచి పనితనమైతే ఒక్కో స్ప్రింగుకి చుట్టూ ఎనిమిది తాడు ముడులు ఉంటాయి.
- ముందు నుంచి వెనక్కి పాములా వంకరలు తిరిగిన స్ప్రింగు తీగలు.
- రబ్బరు పట్టీలు. గత శతాబ్దం మధ్యలో వచ్చిన చెక్క చేతుల కుర్చీల్లో ఎక్కువగా ఇవే. గోటితో నొక్కితే గట్టిపడి పగుళ్లు కనిపిస్తే పని అయిపోయినట్టే, కానీ మార్చడం తేలిక.

సీటు దిగబడిందని భయపడొద్దు. నూటికి తొంభై సార్లు పట్టీలో మెత్తో కారణం, రెండూ మార్చగలిగినవే.

పుచ్చు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు ఉంటే సూది గుచ్చి చూడండి. చిల్లు అంచులు నల్లబడి దుమ్ము పట్టి ఉంటే పాత కథ. అంచు తెల్లగా, కొత్తగా ఉండి, కింద నల్ల కాగితం పెట్టి తట్టినప్పుడు గోధుమపిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. తట్టినప్పుడు పాత పొడి కూడా రాలుతుంది కాబట్టి తొందరపడి తేల్చేయకండి. చిల్లుల మీద పల్చటి కాగితం అంటించి కొన్ని వారాలు ఆగితే, కాగితానికి కొత్త చిల్లు పడిందో లేదో అదే చెబుతుంది. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు.

నల్లులు. పైపింగ్ (అంచుల్లో తాడులా కుట్టిన పట్టీ) వెంబడి, కుట్ల సందుల్లో, కుషన్ జిప్పుల దగ్గర, అడుగు గుడ్డ మడతల్లో కార్డుతో గీస్తూ టార్చ్ వేయండి. పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్ల మచ్చలు, గోధుమరంగు పొట్టు, మిల్లీమీటరంత తెల్ల గుడ్లు. వీటిలో ఏది కనిపించినా ఆ సోఫాని అక్కడే వదిలేసి రండి, ధర ఎంత తక్కువైనా సరే.

ముద్రలు, చీటీలు. ఫ్రేము లోపల, సీటు కింద తయారీదారు ముద్రో లోహపు బిళ్లో కాగితం చీటీయో ఉంటే ఫొటో తీసుకోండి, పీకొద్దు. ఉజ్జాయింపుగా వయసు చెప్పే చిన్న గుర్తులు కూడా ఉంటాయి: ప్లస్ గుర్తు మరలు 1930ల నుంచే వాడకంలోకి వచ్చాయి, కాబట్టి అంతకంటే పాతదని చెప్పే కుర్చీలో అవి కనిపిస్తే, కనీసం మధ్యలో ఎవరో మరమ్మతు చేశారని అర్థం. ముద్ర ఉన్న పేరున్న కంపెనీ కుర్చీ అయితే పాలిష్ గీకే ముందు, గుడ్డ మార్చే ముందు తెలిసినవాళ్లకి చూపించండి. అసలు రూపంలో ఉన్నదానికే విలువ ఎక్కువ. ఇంకోమాట, బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయంగా కట్టుదిట్టమైన రక్షణలో ఉంది. ఆ చెక్కతో చేసినదాన్ని దేశం దాటించాలంటే సరైన కాగితాలు కావాలి.

## 3. ఎప్పుడు వద్దనుకోవాలి

- ఫ్రేము చెక్కపొట్టు బోర్డుతో చేసినదై, మరలు పట్టు వదిలి ఊడొస్తుంటే
- పుచ్చు కాళ్లలోనో ఫ్రేము ముందు అడ్డచెక్కలోనో ఉండి, సూది సులువుగా లోపలికి దిగిపోతుంటే
- తోలుని వేలితో రుద్దితే ఎర్రమట్టిలాంటి పొడి అంటుకుంటే. తోలు కుళ్లిన లక్షణమిది, ఏ క్రీమూ వెనక్కి తేలేదు. గుడ్డ వేసుకునే ఉద్దేశముంటే మాత్రం ఫరవాలేదు
- సిగరెట్ పొగ, బూజు వాసన లోపలిదాకా పట్టి ఉండి, మెత్తంతా మార్చే ఓపిక మీకు లేకపోతే

గుడ్డ చిరగడం, మరకలు, పాలిష్ పోవడం, ఒక కాలు ఊగడం: ఇవి వద్దనుకోవడానికి కారణాలు కావు, బేరానికి కారణాలు.

## 4. తెచ్చాక నేరుగా హాల్లోకి కాదు

వరండాలోనో, మిగతా సామాను లేని గదిలోనో కొన్నాళ్లు విడిగా ఉంచండి. రోజూ ఒకసారి కుట్లు చూడండి. ఎండలో పెట్టేస్తే నల్లులు పోతాయనేది చాలామంది నమ్మకం. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి నల్లుల్ని, వాటి గుడ్లని చంపే మాట నిజమే, కానీ ఎండలో పైన గుడ్డ కాలుతున్నా లోపలి మెత్త చల్లగానే ఉంటుంది, అవి లోపలికి జరిగి కూర్చుంటాయి. అనుమానముంటే వేడి పద్ధతిలో శుద్ధి చేసేవాళ్లని పిలవండి.

వాసనకి: వాక్యూమ్ పట్టండి (గుడ్డ నీరసంగా ఉంటే మీద దోమతెర లాంటి వల పరిచి దాని మీంచి), వంటసోడా చల్లి ఒక రాత్రి ఉంచి మళ్లీ వాక్యూమ్ పట్టండి, నీడలో గాలికి పెట్టండి. సెంటు కొట్టడం వల్ల రెండు వాసనలు అవుతాయి తప్ప ఒకటి పోదు.

## 5. విప్పడం

ఇక్కడ ఓపిక పట్టినవాళ్లకి తర్వాత పనంతా సగమవుతుంది. కావలసినవి: పిన్నులు లేపే పనిముట్టు లేదా మొండి ఉలి, చెక్క సుత్తి, కటింగ్ ప్లేయర్, మాస్క్, కళ్లద్దాలు, మార్కర్, ఫోన్.

వరుస ఇది: అడుగు గుడ్డ, వెనక వీపు, బయటి చేతులు, లోపలి వీపు, లోపలి చేతులు, చివరగా సీటు. కొత్త గుడ్డ వేసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగబడిన వరుస.

ప్రతి ముక్కా తీసే ముందు ఒక ఫొటో, తీశాక వెనక వైపు మార్కర్‌తో పేరు, పైకి చూపే బాణం గుర్తు. పాత గుడ్డల్ని చింపి పారేయొద్దు, కొత్తవి కత్తిరించడానికి అవే నమూనాలు. మడతలు ఎక్కడ పడ్డాయో, మూలలు ఎలా తిప్పారో ఆ ఫొటోలే రేపు మీకు గురువు.

పాత ఫోమ్ చేతిలో పొడైపోతుంటే మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. ముఖ్యంగా 2005కు ముందు నాటి ఫోమ్‌లో, తర్వాత నిషేధించిన మంట నిరోధక రసాయనాలు ఉండే అవకాశముంది. నేరుగా సంచిలో వేసి మూతి కట్టేయండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. పాత రంగు వేసిన చెక్కలో సీసం ఉండొచ్చు, అందుకే దాన్ని పొడిగా ఉప్పు కాగితంతో రుద్దకూడదు.

## 6. ఫ్రేము

వదులైన అతుకు కనిపించగానే చేతులు దురద పెడతాయి, ఒక మేకు కొట్టేస్తే పోలా అనిపిస్తుంది. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. మేకు చెక్కని చీలుస్తుంది, నాలుగు నెలలకి మళ్లీ వదులవుతుంది, రేపు ఎవరైనా సరిగ్గా చేద్దామన్నా అడ్డం పడుతుంది. లోహపు ఎల్ పట్టీలు కూడా అంతే.

సరైన పద్ధతి:

1. ఏ ముక్క ఎక్కడిదో టేపు అంటించి అంకెలు వేయండి. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి వదులైన అతుకులే విప్పండి. గట్టిగా ఉన్నవాటి జోలికి పోవద్దు.
2. పాత జిగురు ఏదో చూడండి. వేడినీటి చుక్క వేస్తే జిగటగా మారితే అది జంతువుల చర్మంతో కాచిన పాతరకం జిగురు, వేడినీళ్లూ ఆవిరితో వదిలిపోతుంది. తెల్ల జిగురైతే వెనిగర్ మెత్తబరుస్తుంది.
3. రెండు వైపులా చెక్క కనిపించేదాకా గీకండి. కొత్త ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పాత జిగురు పొర మీద పట్టదు. చాలా మరమ్మతులు విఫలమయ్యేది ఇక్కడే.
4. జిగురు లేకుండా ఒకసారి కలిపి చూడండి. అతుకులో దూర్చిన చెక్క మేకు (డోవెల్) బెజ్జంలో వదులుగా ఉంటే పల్చటి చెక్క పొర చుట్టి అంటించండి, లేదా కొంచెం లావుది వేయండి.
5. జిగురు పూసి బిగించండి. క్లాంపులు లేకపోతే తాడు చుట్టూ వేసి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పండి. చెక్క మీద తాడు అచ్చు పడకుండా అట్టముక్కలు పెట్టండి.
6. ఆరకముందే ఎదురెదురు మూలల దూరం కొలవండి. నలుచదరం ఫ్రేములో రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే పొడవు వచ్చిన వైపు కాస్త నొక్కండి.
7. 24 గంటలు ముట్టుకోవద్దు.

ఒక కాలు ఊగుతోందని రెండో కాలు కోసేవాళ్లు ఉంటారు. ముందు నేల సమంగా ఉందో లేదో చూడండి, కుర్చీని వేరేచోట పెట్టి చూడండి. కోసిన చెక్కని తిరిగి అతికించలేం.

పురుగు పట్టిన చెక్కకి బోరేట్ ద్రావణం పూస్తారు కదా, అది పాలిష్ మీంచి లోపలికి వెళ్లదు, పాలిష్ లేని చెక్కకే పనిచేస్తుంది. గుడ్డ విప్పి ఫ్రేము బయటపడ్డ ఈ దశలోనే పూసేయాలి.

## 7. పట్టీలు, స్ప్రింగులు

పాత మేకుల బెజ్జాలతో చెక్క జల్లెడలా ఉంటే, రంపపు పొట్టూ జిగురూ కలిపి పూడ్చి ఆరనివ్వండి.

జనపనార పట్టీలు చుట్టల స్ప్రింగులకి. చివర మడిచి, మేకులు ఒకే గీత మీద కాకుండా వంకరటింకరగా కొట్టాలి, అప్పుడు చెక్క నిలువునా చీలదు. రెండో చివర చేత్తో లాగి వదిలేస్తే నెలలో జారిపోతుంది, చెక్కముక్కకి చుట్టి మెలిపెట్టి లాగండి, వేలితో మీటితే డోలు చప్పుడు రావాలి. నిలువూ అడ్డం చాప అల్లినట్టు ఒకదాని కింద ఒకటి దూర్చండి.

రబ్బరు పట్టీలది వేరే లెక్క. సుమారు పది శాతం సాగదీయాలి, అంటే 50 సెంటీమీటర్ల ముక్క 55 అయ్యేదాకా. ఇంకా లాగితే ఫ్రేము మీద భారం, తక్కువ లాగితే సీటు ఊయలవుతుంది.

చుట్టల స్ప్రింగు విరగకపోతే దాన్నే వాడండి, తెగేది తాడే తప్ప ఉక్కు కాదు. స్ప్రింగు మొన ఎటు తిరిగి ఉందో ఫొటోలో చూసి అటే పెట్టండి. వీటి మీద గోనెగుడ్డ గట్టిగా కప్పి కుట్టాకే మెత్త. గోనెగుడ్డ లేకుండా మెత్త పెడితే స్ప్రింగులు దాన్ని కొరికి తినేస్తాయి.

కేన్ అల్లిక సీటు తెగకుండా దిగబడి ఉంటే, ముందు ఈ ఉపాయం: వేడినీళ్లలో ముంచిన గుడ్డతో అడుగు వైపు నుంచి బాగా తడిపి, ఎవరూ కూర్చోకుండా ఆరనివ్వండి. ఆరేకొద్దీ కేన్ బిగుసుకుంటుంది.

## 8. మెత్త

గుర్రపు వెంట్రుకలు దొరికితే పారేయకండి, ఉతికి ఆరబెట్టి వేళ్లతో విడదీస్తే మళ్లీ పనికొస్తాయి. కొబ్బరిపీచు నలిగి పొడైతే తీసేయాల్సిందే. పాత రబ్బరు ఫోమ్ గట్టిపడి బిస్కెట్‌లా విరుగుతుంటే అదీ అంతే.

కొత్త ఫోమ్ అయితే సీటుకి 32 నుంచి 40 డెన్సిటీ తీసుకోండి. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అని, గట్టిదనం కాదు. ఎక్కువ డెన్సిటీలోనూ మెత్తటిది దొరుకుతుంది, ఎక్కువ కాలం మన్నుతుందంతే. ఫోమ్ ముక్కని గలీబు లోపలి కొలత కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ కోయించండి, మీద పాలిస్టర్ దూది పొర చుట్టండి, మూలలు బోసిగా కనపడవు.

ఇక్కడ ఒక పొరపాటు: మెత్తగా ఉండాలని మందం పెంచేయడం. సీటు ఐదు సెంటీమీటర్లు పెరిగితే చేతుల ఎత్తు అంత తగ్గినట్టు, కుర్చీ పోలికే మారిపోతుంది. పాత మందమే కొలిచి పెట్టండి.

## 9. గుడ్డ, తోలు

140 సెంటీమీటర్ల పన్నా గుడ్డ చేతుల కుర్చీకి సుమారు 5–6 మీటర్లు, మూడు సీట్ల సోఫాకి 12–14 మీటర్లు పడుతుంది. పెద్ద పువ్వులో చారలో ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే డిజైన్ సీటు నుంచి వీపుకి కలవాలి. మొత్తం ఒకే తాను నుంచి, ఒకేసారి కొనండి. తర్వాత కొన్న రెండు మీటర్ల రంగు తేడా పగటి వెలుతురులో పట్టిచ్చేస్తుంది.

అరుగుదలకి మార్టిన్‌డేల్ అంకె (గుడ్డ ఎన్నిసార్లు రుద్దినా తట్టుకుంటుందో చెప్పే పరీక్ష అంకె) అడగండి. రోజూ వాడే సోఫాకి 25,000 పైన ఉంటే మంచిది. ముఖమల్ అయితే నూగు కిందికి వాలేలా అన్ని ముక్కలూ ఒకే దిశలో కోయాలి, ఒక్కటి తిరగబడినా అది వేరే రంగులా కనిపిస్తుంది.

పిన్నులు కొట్టేటప్పుడు మధ్యలోంచి మూలలకి వెళ్లండి. మొదట ముందు, వెనక, కుడి, ఎడమ మధ్యలో ఒక్కోటి తాత్కాలికంగా కొట్టి, చారలు తిన్నగా ఉన్నాయని దూరంనుంచి చూశాకే మిగతావి.

తోలు బాగుంటే మార్చకండి. ముందు కనపడని చోట నీటి చుక్క వేయండి. ఇంకిపోతే పై పూత లేని తోలు, నీళ్లు తగలనివ్వద్దు. నిలబడితే పూత ఉన్నది, బాగా పిండిన తడిగుడ్డతో తుడవచ్చు. తోలు కోసం చేసిన కండిషనర్ కొద్దిగా రాయండి, వంటనూనెలు మాత్రం వద్దు, కొన్నాళ్లకి జిగట కట్టి ముక్కిపోతాయి.

## 10. చెక్క పాలిష్

చాలాసార్లు పాలిష్ గీకాల్సిన పనే లేదు, మురికి పోతే చాలు. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. అప్పటికీ నచ్చకపోతే కనపడని చోట దూదికి స్పిరిట్ అద్ది రుద్దండి. పాలిష్ మెత్తబడి దూదికి అంటితే అది లక్క పాలిష్, మళ్లీ లక్క పాలిష్‌తోనే సరిచేయవచ్చు.

లిన్సీడ్ నూనె వాడితే ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి లేదా నీళ్ల డబ్బాలో వేయండి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు.

## 11. గదిలో ఎక్కడ

- నేరుగా ఎండ పడని చోట, గోడకి ఐదు పది సెంటీమీటర్లు ఎడంగా
- టీపాయ్‌కీ సీటు అంచుకీ మధ్య సుమారు 45 సెంటీమీటర్లు, నడిచే దారికి 75–90
- పక్కపక్కన ఉన్న సీట్ల ఎత్తు మరీ తేడా లేకుండా. ఒకరు గద్దె మీద, ఒకరు పీట మీద కూర్చున్నట్టు ఉంటే మాటలు సాగవు
- కాళ్ల కింద ఫెల్ట్ బిళ్లలు

గదంతా పాతవే నింపేస్తే సామాన్ల గదిలా తయారవుతుంది, నా లెక్కన హాల్లో ఒకటి చాలు, మహా అయితే జంట కుర్చీలు. చుట్టూ మిగతావి మామూలుగా ఉంటేనే దాని చెక్క, దాని వంపు కంటికి ఆనుతాయి.

వాడకం మొదలైన నెలకి మరోసారి పక్కకి పడుకోబెట్టి కాళ్ల మరలు బిగించండి, కొత్త పట్టీలు మీటి చూడండి. కుషన్లు విడిగా వచ్చేవైతే వారానికోసారి తిప్పి, చోటు మార్చి పెడుతూ ఉండండి, లేకపోతే టీవీకి ఎదురుగా ఉన్న సీటు ఒక్కటే ముందు దిగబడుతుంది.